చేటంత అడిగితే పలకంత

ఆగస్టు 4, సోమవారం

పార్సెల్ ఇవాళ కూడా రాలేదు. కోడలు సునీత ఫోనులో చూసి చెప్పింది, హైదరాబాదు దాటిందట. దాటితే మంచిదే. అక్కడ వానలు పడుతున్నాయంటున్నారు. ఫొటో కాగితం తడిస్తే ఉబ్బిపోతుంది. అట్టపెట్టెలో పెట్టారో, ఉత్త కవర్లో పెట్టారో... అడిగితే కుట్టు మిషను ఆపకుండానే అంది:

"వాన వచ్చిందనీ నువ్వే చెప్తివి, తడిసిందనీ నువ్వే చెప్తివి. ఇంగ పార్సెలెందుకత్తా, రాకుండానే అయిపాయె."

సాయంత్రం కొమరోలు నుంచి అక్క ఫోను. "ఏమే చిన్నీ, అమ్మ యాడిదాకా వచ్చింది?"

హైదరాబాదు దాటిందని చెప్పాను.

"బతికినన్నాళ్ళు మార్కాపురం దాటలేదు. ఇప్పుడు చూడు, ఎట్ల తిరుగుతాందో!" అని నవ్వింది.

అక్క నవ్విందంటే ఆ రోజు కన్ను కొంచెం బాగున్నట్టు. నవ్వకపోతే అడగడానికి నాకు నోరు రాదు.

ఆగస్టు 5, మంగళవారం

రాలేదు.

నిద్ర పట్టక అంతా మళ్ళీ తలచుకున్నాను. అక్కకి కుడికన్ను ఎప్పుడో పోయింది. ఎడమకంట్లో ఉన్నదే కాస్త చూపు. పోయిన నెల కళ్ళ డాక్టరమ్మ నా ముందే చెప్పింది — పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేము, చూడాలనుకున్నవి చూసుకోండి. బయట బెంచీ మీద కూర్చున్నాక అడిగాను, ఏం చూస్తావక్కా అని. సముద్రమంటుందో, మనవరాలి కొత్త ఇల్లంటుందో అనుకున్నాను.

"అమ్మను చూడాల" అంది.

అమ్మకి ఉన్నది ఒక్కటే ఫొటో. మా ఊరి చర్చికి స్లాబు వేసిన రోజు తీసింది. తట్టలు మోసిన ఆడవాళ్ళందరినీ వరసలో నిలబెట్టారు. అమ్మ చివర ఉంది, తల మీద చుట్టగుడ్డ తియ్యడం మరిచిపోయి. చర్చి గోడకున్న ఆ పటంలో ఆమె ముఖం గోరంత. అక్కను అక్కడికి తీసుకుపోయి అద్దానికి ముక్కు ఆనించి నిలబెట్టినా వరసే కనపడలేదు.

ఎంత ఉంటే కనపడుతుందక్కా అంటే, "చేటంత ఉంటే పట్టుకుంటానేమోలే" అంది. ఇంటికి వచ్చాక చేట తీసి ముఖానికి ఎదురుగా పట్టాను. చూసింది. అంచు ఎక్కడో, అల్లిక ఎక్కడో వేలు పెట్టి చూపించింది.

అందుకే చేట. మా ఇంట్లో కందులు చెరిగే పెద్ద చేట కొలిచి, పటంలోని అమ్మ ముఖం మట్టుకు సునీత ఫోనులో తీస్తే, ఆ కొలతకే ఒక కంపెనీకి ఆర్డరు పెట్టించాను. ఇక్కడ గిద్దలూరులో స్టూడియో అతను అంత పెద్దది మా మిషను మీద రాదు పెద్దమ్మా అన్నాడు. అక్కడితో ఆగలేదు. "పాత ఫొటో. పెద్దది చేస్తే ముఖం పగులుతుంది, చూసుకోండి" అని కూడా అన్నాడు. అది సునీతకు చెప్పలేదు. అక్కకు అసలే చెప్పలేదు.

ఆగస్టు 7, గురువారం

వచ్చింది.

యేసోబు తెచ్చాడు. మన చర్చివాడే, ఇద్దరు పిల్లల తండ్రి, కొరియరు బండి తిప్పుతాడు. "పిన్నీ, ఈడ సంతకం" అని ఫోను మీద వేలితో గీయించుకున్నాడు. కవరు చూశాను. చేట అందులో ఎట్లా పడుతుంది? చుట్టి పెట్టారనుకుందామంటే కవరు పరిచినట్టు ఉంది. మడిచారేమో, అమ్మ ముఖం మీద మడత పడిందేమో... ఆగలేక చింపేశాను.

మడవలేదు. ఉన్నదే అంత. పలకంత.

మార్కాపురం పలక ఉంటుందే, చిన్నపిల్లలకు కొనిచ్చేది, అంత. అమ్మ తన జన్మలో పలక పట్టలేదు. ఇప్పుడు తానే పలకంతయి వచ్చింది.

సునీత మిషను దిగి వచ్చి చూసి, "ఇదేంది! మనం పెట్టింది ఇది కాదే!" అంది.

అక్క ఫోను చేస్తే ఇంకా రాలేదని చెప్పాను. అబద్ధం. దేవుడు చూస్తూనే ఉన్నాడు.

ఆగస్టు 8, శుక్రవారం

సునీత నీళ్ళ ట్యాంకరు దగ్గరికి పోయినప్పుడు టేపు తీసి ఆ ఫొటో కొలిచాను. ముందువైపు అంగుళాలు. అడ్డం ఏడు దాటి ఎనిమిది లోపల. మాకు కావలసింది పద్దెనిమిది. సరే అని టేపు తిరగేశాను. వెనకవైపు సెంటీమీటర్లు ఉంటాయి కదా. అడ్డం సరిగ్గా పద్దెనిమిది. నిలువు సరిగ్గా ఇరవై నాలుగు.

మేం చెప్పిన అంకెలే!

చేట కొలిచింది నేను. సునీత జాకెట్టుకి చేతులు వేస్తూ "ఎంతత్తా?" అని అరిస్తే, పద్దెనిమిది ఇరవై నాలుగు అని చెప్పింది నేను. ఆ రోజు అంగుళాలని చెప్పానా, ఉత్త అంకెలే చెప్పానా? కళ్ళజోడు పెట్టుకున్నానా? గుర్తు లేదు. వాళ్ళు మనం చెప్పిందే పంపారేమో. తప్పు నాదేనేమో.

మళ్ళీ కొలుద్దామంటే చేట ఇంట్లో లేదు. పక్కింటి ఖాదర్ బాషా భార్య కందులు చెరగాలని పట్టుకుపోయింది. ఇప్పుడు పోయి అడిగితే ఎందుకు పిన్నీ అంటుంది. ఏం చెప్పను...

టేపు ఎట్లా ఉన్నదో అట్లానే చుట్టి పెట్టేశాను.

ఆగస్టు 10, ఆదివారం

ఆరాధన అయ్యాక కొమరోలు బస్సెక్కాను. ఫొటో బైబిల్లో పెట్టుకున్నాను. మనసు ఒప్పలేదు అబద్ధంతో ఉండడానికి. దోవ పొడుగునా, కనపడితే బాగుండు, పలకంతైనా కనపడితే ఈ గొడవే ఉండదు అనుకుంటూ పోయాను.

అక్క గడప మీద కూర్చుంది, వెలుతురులోకి. రెండు చేతులతో పట్టుకుంది. దూరం పెట్టింది. ముక్కు దగ్గరికి తెచ్చింది. పక్కకి తిప్పింది. ఎంతసేపో.

"కొత్త పుస్తకం వాసన వస్తాంది" అంది చివరికి.

"కనపడతాందా అక్కా?"

"తెల్లగా ఏదో ఉండాది. అంచుకు నల్లగా... చిన్నీ, నేను చేట కదా అడిగింది. అమ్మ బస్సుల్లో పడి నలిగి ఇంత చిన్నదైపాయనా?"

నేను నవ్వలేదు. అక్క నా చెయ్యి తడిమి పట్టుకుంది. "ఏడుస్తాండావా? ఊరికే అన్నాలే."

తర్వాత మాటల్లో మళ్ళీ ఆ పచ్చబొట్టు సంగతి. అమ్మ గడ్డం మీద చుక్క ఉండేది. ఎడమ పక్కన అంటుంది అక్క. కుడి పక్కన అంటాను నేను. అమ్మ పోయిన నాటి నుంచీ ఈ తగువు తెగలేదు. ఎదురుగా కూర్చుని తిన్నాం కాబట్టి నీకు తిరగబడి గుర్తుంది అంటుంది అక్క. నువ్వు తిన్నది పక్కన కూర్చునా అంటాను నేను. చుక్క చూస్తే తేలిపోతుందనే కదా ఆమె ఆశ. చర్చి పటంలో నాకే తేలదు.

లేచేటప్పుడు, ఎవరితోనో అన్నట్టు అంది: "నిన్నటి నుంచి తలుపు కమ్మి వంకరగా కనపడతాంది."

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా ఏ ఊరు ఎప్పుడు పోయిందో తెలియలేదు.

ఆగస్టు 11, సోమవారం

సునీతకు చెప్పేశాను. టేపు వెనకవైపు సంగతి, ఈ మూడు రోజుల నా గుబులు, మొత్తం.

కొట్టినంత పని చేసింది. "మూడు దినాలు ఇది కడుపులో పెట్టుకుని తిరిగినావా? అందుకేనా చారులో ఉప్పు రెండుసార్లు పడింది?" ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. ఆర్డరు పెట్టిన రోజు వచ్చిన మెసేజి. పద్దెనిమిది ఇంటూ ఇరవై నాలుగు, పక్కనే అంగుళాలు అని ఇంగ్లీషులో ఉందట. రెండే అక్షరాలు.

"నువ్వు అంగుళాలన్నావో అనలేదో, అది మన ఇంట్లో సంగతి. మనం పెట్టింది అంగుళాలు. వాళ్ళు పంపింది సెంటీమీటర్లు. టేపు తిరగేసింది నువ్వు కాదత్తా, వాళ్ళు."

వాళ్ళ దగ్గర కూడా టేపుకు రెండు వైపులుంటాయి కాబోలు. నా భయం నాకంటే ముందే అక్కడికి చేరిపోయింది.

కంపెనీకి రాసింది. జవాబు వెంటనే వచ్చింది. మనిషి రాసింది కాదట, మిషను రాస్తుందట. చదివి చెప్పింది: మీ కోసం ప్రత్యేకంగా చేసిన వస్తువు కాబట్టి వాపసు లేదు, మార్పిడి లేదు. కింద నవ్వు మొహం బొమ్మ.

ఆగస్టు 12, మంగళవారం

ఏమీ లేదు. అక్కకు ఫోను చేయలేదు.

ఆగస్టు 13, బుధవారం

ఖాదర్ బాషా చేట పట్టుకొచ్చాడు. సందు మొదట్లో సెల్ ఫోన్ల దుకాణం అతనిది. "మా ఇంట్లో దాన్ని పంపిస్తే అరగంట ఈన్నే కూర్చుంటది పెద్దమ్మా, అందుకే నేనే వచ్చినా" అన్నాడు. చేట తీసుకుని ముందు టేపు పెట్టాను. ముందువైపు. అంగుళాలు. అడ్డం పద్దెనిమిది. నిలువు ఇరవై నాలుగు.

సోత్రం. నేను సరిగ్గానే కొలిచాను.

చేటను కొలుస్తున్నానేమిటని అతను నిలబడి చూస్తున్నాడు. చెప్పక తప్పలేదు. అంతా విని, "ఆ ఫొటో తే" అన్నాడు. చేటలో పెట్టాడు. చేట మధ్యలో అమ్మ, చుట్టూ ఖాళీ. పక్కన టేపు పరిచి తన ఫోనుతో ఫొటో తీసుకున్నాడు.

"ప్రత్యేకంగా చేసింది కాబట్టి వెనక్కి తీసుకోము అంటాండారు భాయ్" అంది సునీత.

"అరె, అది వేరేమ్మా. నువ్వు ఎర్రది పెట్టి, వచ్చినాక నాకు నీలం కావాల అంటే, తీసుకోము అంటారు. అది వాళ్ళ ఇష్టం. నువ్వు అడిగింది ఒకటి, వాళ్ళు చేసింది ఒకటి అయితే? నీకు నచ్చక కాదు గదా తిప్పి పంపేది. చెప్పినట్టు లేని వస్తువు తీసుకోము అనేదానికి లేదు, రూలు ఉండాది. నా దుకాణం పేరు అచ్చేసి కవర్లు పంపమంటే ఎవరిదో పేరు వేసి పంపినారు. ఇదే మాట చెప్పినారు నాకు కూడా. వదల్లేదు నేను."

"కోర్టుకు పోయినావా నాయనా?" అని అడిగాను.

"కోర్టుదాకా యాడ పెద్దమ్మా. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ అని ఉండాది, సర్కారుది. ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. వాళ్ళు కంపెనీని అడుగుతారు. దానికీ పలకకపోతే అప్పుడు జిల్లాలో కన్స్యూమర్ కమిషన్. దానికి కూడా వకీలు లేకుండానే పోవచ్చు. కవరు ఉండాదా? పారేసినావా?"

నేను పారేస్తానా! పరుపు కింద నుంచి తీశాను. నేను చింపిన చోట చిరిగింది కానీ చీటీ బాగానే ఉంది. దాని మీద కూడా అవే అంకెలు, అవే రెండు అక్షరాలు. అతను చూసి తల ఊపాడు. "చూడు, వాళ్ళ చీటీనే సాక్ష్యం చెప్తాంది."

టీ ఇస్తే తాగి పోయాడు. నాకు మాత్రం కోర్టు, సాక్ష్యం అన్న రెండు మాటలే చెవిలో ఉన్నాయి. మా వంశంలో ఎవరూ కోర్టు మెట్టు ఎక్కలేదు.

ఆగస్టు 14, గురువారం

పొద్దున యేసోబు వేరే ఇంటికి పార్సెల్ ఇచ్చి పోతుంటే పిలిచాను. కంప్లైంటు పెడితే నీ మీదికి వస్తదా నాయనా అని అడిగాను. వాడికి జీతం కోస్తే ఆ పాపం ఎవరిది?

పడీ పడీ నవ్వాడు. "నేను మోసేటోణ్ణి పిన్నీ. లోపల పామున్నా పాలున్నా నాకేం తెలుసు? పెట్టుకో, బాగా పెట్టుకో."

మధ్యాహ్నం ఫోను చేశాం. సునీత స్పీకరు పెట్టి నా చేతికిచ్చింది. ఆర్డరు నా పేరు మీదే ఉందట. "నీ అమ్మ ఫొటో, నువ్వే చెప్పు" అంది. ముందు పాట వచ్చింది. పాట అయ్యాక ఒకటి నొక్కు, రెండు నొక్కు. తర్వాత ఒక ఆడమనిషి, చిన్న వయసు గొంతు. నమస్కారం అమ్మా, మీ సమస్య చెప్పండి.

అంతా మరిచిపోయాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చేట నుంచి మొదలుపెట్టాను. మా అక్కకు కన్ను పోతాందమ్మా, చేటంత అయితే కనపడతది అనింది, అందుకని చేట కొలిచి... సునీత తల కొట్టుకుంటోంది. ఆ అమ్మాయికి చేట అంటే తెలుసో లేదో అనుకుని, "చేట అంటే, బియ్యం చెరుగుతాం చూడు..." అన్నాను.

"తెలుసమ్మా. మా అమ్మమ్మ ఇంట్లో ఉంది. మీరు చెప్పండి."

ఆ ఒక్క మాటతో చెమట ఆరింది. చెప్పాను. ఆర్డరు మెసేజి, చీటీ, చేటలో తీసిన ఫొటో ఎట్లా పంపాలో సునీతకు చెప్పింది. చివర్లో మీకు ఏం కావాలమ్మా, డబ్బు వెనక్కి కావాలా, సరైన ఫొటో కావాలా అని అడిగింది.

"మా అమ్మ కావాల" అన్నాను.

"సరైన సైజు ప్రింటు అని రాసుకుంటున్నానమ్మా" అంది.

కంప్లైంటు నంబరు వచ్చింది. గోడ మీద క్యాలెండరులో రాసి పెట్టాను.

ఆగస్టు 15, శుక్రవారం

తెల్లవారకముందే ఒక ఆలోచన. నేను ఫోను చేసింది సర్కారుకు. నా పింఛను కూడా సర్కారుదే. ఈ ముసలామెకు తగువులు ఎక్కువని ఎక్కడైనా రాసుకుంటే?

సునీతను లేపి అడిగాను.

"అత్తా, పడుకో."

ఆగస్టు 18, సోమవారం

ఈసారి కంపెనీ నుంచి మనిషే మాట్లాడాడు. హిందీ కలిసిన తెలుగు. మర్యాదగానే ఉన్నాడు. తప్పు జరిగింది, డబ్బు మొత్తం వెనక్కి వేస్తాం, కంప్లైంటు మూసేయండి అన్నాడు. సునీత ముఖం వెలిగింది. ఫోను చేత్తో మూసి, "ఒప్పుకుందామా?" అంది.

నేను చేట వైపు చూశాను. రేపు చెప్తామని అతనితో అంది.

రాత్రి అన్నాల దగ్గర మాటా మాటా. "డబ్బు ఇస్తామంటే ఇంగేం కావాల? ఇంకో కంపెనీలో పెట్టుకుందాం." ఇంకో కంపెనీవాళ్ళ టేపు ఎట్లాంటిదో ఎవరికి తెలుసు అన్నాను. వీళ్ళకి ఒకసారి తెలిసొచ్చింది, ఈసారి చూసి చేస్తారు. "అయితే ఆ ముక్క నువ్వే చెప్పు ఆ మనిషికి" అని కంచం తీసుకుని లేచిపోయింది.

తర్వాత తనే మజ్జిగ తెచ్చి నా పక్కన పెట్టింది.

ఆగస్టు 19, మంగళవారం

చెప్పాను. నాకు డబ్బు వద్దు నాయనా, చెప్పిన కొలతకు చేసి పంపండి, త్వరగా పంపండి. త్వరగా ఎందుకో కూడా చెప్పాను. వినేసరికి అతను 'ఆంటీజీ' అన్నాడు. మాట్లాడి చెప్తానని పెట్టేశాడు.

గొంతు పెంచలేదు, ఏడవలేదు.

ఆగస్టు 21, గురువారం

అక్కకు ఫోను చేస్తే ఆమె కోడలు ఎత్తింది. అక్క పొయ్యి మీద గిన్నె ఉందని తెలియక చెయ్యి పెట్టిందట. పెద్దగా కాలలేదట. వెన్న రాశారట. "మీ అక్క చెప్పొద్దనింది పిన్నీ, నేనే చెప్తాండా."

కంపెనీ నుంచి ఏమీ లేదు.

ఆగస్టు 23, శనివారం

ఏమీ లేదు. నేను డబ్బే తీసుకుని ఉంటే ఈపాటికి ఇంకోచోట నుంచి వచ్చేదేమో. ఎందుకంత మొండికేశాను...

ఆగస్టు 25, సోమవారం

మళ్ళీ చేస్తున్నారు! ఖర్చు లేకుండా. మెసేజి వచ్చింది. సునీత చేత నాలుగుసార్లు చదివించుకుని విన్నాను. అంగుళాలు అన్న మాట ఈసారి పూర్తిగా రాశారట.

ఖాదర్ బాషాకు చెబితే, "చూసినావా, అడిగితే వస్తది. మనోళ్ళు అడగరు. పోనీలే అంటారు. ఆ పోనీలే మీదనే నడుస్తాయి కొన్ని కంపెనీలు" అన్నాడు. ఈసారి పార్సెల్ చింపేటప్పుడు వీడియో తీయమన్నాడు, కవరు ఎక్కడా చిరగలేదని ముందు చూపించాలట. నా వైపు చూసి నవ్వాడు. నా చేతికి ఇవ్వొద్దని అర్థం.

అక్కకు చెప్పాను. "మళ్ళీ బయల్దేరిందా?" అంది. గొంతు నీరసంగా ఉంది.

ఆగస్టు 29, శుక్రవారం

బెంగుళూరు.

ఆగస్టు 30, శనివారం

ఇంకా బెంగుళూరే. ఏం చేస్తోందో అక్కడ.

అక్క అడిగింది. చెప్పాను. "పోనీలే, ఊరు చూస్తాంది పాపం. తొందర పెట్టొద్దు" అంది. తొందర ఎవరికో ఇద్దరికీ తెలుసు.

సెప్టెంబరు 1, సోమవారం

కర్నూలు దాటింది. నంద్యాలలో వాన అన్నారు. అనుకోకూడదు అనుకుంటూనే అనుకున్నాను.

సెప్టెంబరు 3, బుధవారం

వచ్చింది. పొడుగాటి గొట్టం. యేసోబు భుజాన పెట్టుకుని వచ్చాడు. "ఇదిగో పిన్నీ, ఈసారి మీ అమ్మ గద మాదిరి వచ్చింది."

నన్ను ముట్టుకోనియ్యలేదు. సునీత ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఇంకో చేత్తో టేపు పెట్టి, గొట్టం నాలుగు పక్కలా చూపించి, అప్పుడు మూత తీసింది. చాప మీద పరిచాం. చుట్టుకోకుండా నాలుగు మూలలా బొట్టుపెట్టె, గరిటెలు, ఏది దొరికితే అది. చేట తెచ్చి పక్కన పెట్టాను. చేటకు చేట. ఒక్క వేలు తేడా లేదు.

కానీ ముఖం...

దగ్గరికి వంగి చూస్తే ముఖం లేదు. చుక్కలు. బూడిద రంగు, నలుపు, తెలుపు, కందులు నూకలు కలిపి చల్లినట్టు. స్టూడియో అతను చెప్పింది ఇదే. లేచి గోడ దాకా వెనక్కి నడిచాను. అక్కడి నుంచి అమ్మ. చుట్టగుడ్డ, నుదురు, నోరు బిగించుకుని. తట్ట దించి వచ్చి ఇప్పుడే నిలబడినట్టు.

సునీత చాలాసేపు చూసింది. "నీ మాదిరే భయపడతా నిలబడిందే అత్తా" అంది మెల్లగా.

దూరం నుంచి చూస్తే అమ్మ. దగ్గరి నుంచి చూస్తే నూకలు. అక్కకు దగ్గరిదే కనపడుతుంది, దూరానిది కనపడదు. ఇది ముందే ఎందుకు తోచలేదు నాకు?

"ఇది కంపెనీ తప్పు కాదు గదా" అన్నాను.

"కాదత్తా. ఇంగ ఇది ఎవరి తప్పూ కాదు."

హెల్ప్‌లైన్ వాళ్ళు ఫోను చేసి అడిగితే అందింది, సరిగ్గా ఉంది, కంప్లైంటు మూసేసుకోండి అని చెప్పించాను. ఉన్నమాట అదే కదా.

సెప్టెంబరు 5, శుక్రవారం

నిన్నా ఇవాళా నా కళ్ళు సగం మూసి, నీళ్ళు తెచ్చుకుని, రకరకాలుగా చూశాను. కళ్ళు మసకబారితే దగ్గరి నుంచి కూడా చుక్కలు కలిసిపోతున్నాయి, కొంచెం. అక్క కంటికి అంతా మసకే కదా. అట్లా కలిసిపోతాయేమో. కలవవేమో.

సునీత అట్టముక్కకు అంటించి ఇచ్చింది. చుట్టూ ఎర్ర గుడ్డతో అంచు కూడా కుట్టింది, జాకెట్టు గుడ్డ మిగిలితే. అడగలేదు నేను.

రేపు పోతాం. బస్సులో ఎక్కనిస్తారో లేదో. గాలికి వంగుతుందేమో.

సెప్టెంబరు 6, శనివారం

కొమరోలు. అక్క ఇంట్లోనే ఉండి రాస్తున్నాను.

బస్సులో కండక్టరు, "ఎవరమ్మా ఇంత పెద్దామె, టికెట్టు తీసుకున్నారా?" అన్నాడు. సునీత నవ్వింది. నేను కూడా.

గడపకు ఎదురుగా వెలుతురు పడే గోడకు ఆనించాం. అక్కను స్టూలు మీద కూర్చోబెట్టాం. కాలిన చేతికి గుడ్డ కట్టి ఉంది. నూకల సంగతి నేను చెప్పలేదు.

చూసింది. తల ఇటు వంచి, అటు వంచి.

"చుట్టగుడ్డ తియ్యలేదు చూడు" అంది.

అది నేను ఆమెకి ఎన్నోసార్లు చెప్పిందే. చూసి అందో, విని అందో.

లేచింది. రెండడుగులు వేసి ఫొటో మీదికి వంగింది, ముక్కు ఆనేంత. అక్కడి నుంచి అంతా నూకలే అని నాకు తెలుసు. మంచి చెయ్యి చాచి, తడుముకోకుండా, గడ్డం మీద వేలు పెట్టింది. ఎడమ పక్కన.

"ఈడ. చెప్పలా నీకు?"

నేను దగ్గరికి పోయి ఆమె వేలు కింద చూశాను. నలుపు ఉంది. ఆ పక్కనా ఉంది నలుపు. కుడి వైపునా ఉంది. గుమ్మం దాకా వెనక్కి పోయి చూశాను. అక్క తల అడ్డం.

"కనపడతాందా అక్కా?"

"నీకు కనపడతాందా?"

"ఆఁ" అన్నాను.

"అయితే ఒప్పుకో, ఎడమే."

ఒప్పుకోలేదు. కుడి అన్నాను. అమ్మ ముందరే తగువు పడ్డాం, సునీత కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేదాకా.

సునీత మధ్యాహ్నం బస్సుకు పోయింది. నేను ఉండిపోయాను. ఇప్పుడు పొద్దు వంగింది, గోడ మీద వెలుతురు పైకి జరుగుతోంది. అక్క స్టూలు కొంచెం ముందుకు జరుపుకుంది. ఇందాకా ఒకసారి జరుపుకుంది. లైటు వెయ్యమంటావా అంటే, "ఉండవే, ఇంకా ఉండాది" అంది.